ఇంకా అవలేదండీ

భవానీపురంలో మా పక్క వాటా పిన్నిగారికి మడమ నొప్పి. ఎక్కువ నడవొద్దనీ, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోమనీ, పొద్దునా సాయంత్రం కుర్చీలో కూర్చుని, కాళ్ళ ముందు నేలమీద పెట్టుకునే వ్యాయామం పెడళ్ళు తొక్కమనీ డాక్టరు చెప్పారు. ఆ చెప్పులు వంటింటి గడప దాటేవి కావు. "పొయ్యి దగ్గరికి చెప్పులేంటమ్మా!" అనేవారు. ఆవిడ రోజంతా ఉండేది అక్కడే కాబట్టి అవి కొన్నవి కొన్నట్టే ఉండేవి.

పెడళ్ళు తొక్కడం మాత్రం ఒక్క పూటా మానలేదు. వరండాలో కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని మెల్లగా తొక్కేవారు. లోపలినుంచి బాబాయిగారు కాఫీ అడిగితే "ఇంకా అవలేదండీ" అనేవారు. డాక్టరు మాట కదా, ఆయన కిక్కురుమనేవారు కాదు.

ఓ వేసవి సాయంత్రం గవర్నర్‌పేటలోని ఆఫీసు నుంచి వచ్చి, మా ఇంటి తాళం తీసే ఓపిక లేక ఆవిడ పక్కనే గచ్చుమీద కూలబడ్డాను.

"నొప్పి ఎలా ఉంది పిన్నిగారూ?"

"తగ్గి చాన్నాళ్ళయిందమ్మా. మీ బాబాయిగారితో అనకు," అన్నారు కళ్ళు తెరవకుండానే.

"ఏమోయ్, అయిందా?" లోపలినుంచి బాబాయిగారి కేక.

"ఇంకా అవలేదండీ!"

పెడళ్ళ మీద ఆవిడ పాదాలు కదలడం లేదు. నేనూ లేవలేదు.