మేకుకు తగిలించిన తాళంచెవి

ఆ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆవిడ ‘సరే సిస్టర్’. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఎవరేమడిగినా ఆవిడ నోట ఆ ఒక్క మాటే వచ్చింది మరి! ఆడపడుచు పెళ్ళిచూపులు, పిల్లాడి జ్వరం, వట్టి ఒళ్ళుబద్ధకం... సాకు ఏదైనా సరే, సెలవు రోజు డ్యూటీ ఎవరికైనా అంటగట్టాలంటే ముందు ఈవిడే గుర్తొచ్చేది. లోకం దాన్ని మంచితనం అనుకుంది. మంచితనమూ కాదు, మట్టీ కాదు, భయం. కాదంటే ఎదుటి మనిషి మొహం మాడుతుంది చూడండి, ఆ మాడిన మొహాన్ని చూడాలంటే ఆవిడకు చచ్చేంత భయం.

“మొహమాటానికి పోతే కడుపైందట! ఈ ఊళ్ళో నర్సువి నువ్వొక్కదానివేనా?” అని అత్తగారు ప్రతి సెలవుకీ దెప్పేది. దానికీ ఈవిడ “సరే అత్తయ్యా” అనేసి చెప్పులేసుకునేది.

ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. మందుల బీరువా తాళంచెవి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకే మారాలి. దిగే నర్సు ఎక్కే నర్సు అరచేతిలో చెవి పెట్టి, ఒక్కో మంచం సంగతీ చెప్పి, అప్పుడే గడప దాటాలి. బల్ల మీద పెట్టి పోవడాలు, మేకుకు తగిలించి పోవడాలు ఎంత తొందరున్నా కుదరవు.

ఆ వారం వరుసగా మూడు రోజులు సెలవులు. మొదటి రోజు పొద్దున ఏడింటికి, పొడుగు సిస్టర్ అని పిలిచే ఇంకో నర్సు బదులు మన సరే సిస్టర్ మూడో అంతస్తులోని మగవాళ్ళ వార్డులో తాళంచెవి అందుకుంది. ఎనిమిదింటికి ఒక పెద్దాయనకు రక్తం ఎక్కించడం మొదలుపెట్టింది. రక్తం ఎక్కడం మొదలయ్యాక తొలి పావుగంట నర్సు ఆ మంచం వదిలి కదలకూడదు. ఒంటికి పడకపోతే చాలావరకు ఆ పావుగంటలోనే తెలుస్తుంది.

అప్పుడే జేబులో ఫోను టింగుమంది. రెండో అంతస్తు నర్సు పెట్టిన మెసేజి. పెళ్ళై రెండేళ్ళయినా ఆ పిల్లను అందరూ ఇంకా కొత్త పెళ్ళికూతురనే పిలుస్తారు. “అక్కా, బస్సెక్కేశా. ఇవాళ నా డ్యూటీకి ఒప్పుకున్నావు, నీ రుణం తీర్చుకోలేను.”

సరే సిస్టర్ మెసేజిని మళ్ళీ చదివింది. ఇవాళా? నేనా?

గుర్తొచ్చింది. పది రోజుల కిందట సిరంజిలోకి మందు తీస్తుంటే, ఆ పిల్ల పక్కన నిలబడి ఏదో గునుస్తూ అడిగింది. మందు గీత మీద నుంచి కళ్ళు తిప్పకుండా ఈవిడ సరే అనేసింది. అంతకు రెండు రోజుల ముందే అదే పూటకు పొడుగు సిస్టర్‌కీ సరే అంది. కింద ఉన్నది ఆపరేషన్లయిన ఆడవాళ్ళ వార్డు. సెలవు రోజు వార్డుకు ఒక్క నర్సే. రెండు వార్డులకూ కలిపి ఉన్న ఒక్క ఆయా ఇక్కడే నేల తుడుస్తోంది.

“లేదులే, దిగే నర్సు చెవి ఇవ్వకుండా పోదు, ఉండే ఉంటుంది” అని తనకు తనే చెప్పుకుని కింది వార్డుకు ఫోన్ చేసింది. మోగీ మోగీ ఆగిపోయింది.

నర్సులందరి మీదా అజమాయిషీ చేసే పెద్ద సిస్టర్‌కు అప్పుడే చెప్పాలి. చెప్పలేదు! ఇక్కడే నాకు ఆవిడ మీద ఒళ్ళు మండుతుంది. అంత భయంలోనూ, తిట్లు తప్పుతాయేమోనని ఆయాను కిందికి పంపింది. ఆయాకు మోకాళ్ళ నొప్పులు. మెట్లు దిగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ సరే సిస్టర్ ఫోను చేత్తో పట్టుకుని మంచం పక్కనే నిలబడింది.

ఫోన్ మోగింది. “అమ్మా, ఇక్కడ సిస్టరే లేదు! చెవి మేకుకుంది. నాలుగో మంచం ఆవిడ పిలిస్తే పలకట్లేదు. దుప్పటంతా నెత్తురమ్మా!”

వెంటనే పెద్ద సిస్టర్‌కు చేసింది. “అమ్మా, రెండో అంతస్తు నాలుగో మంచం, రక్తం పోతోంది. వార్డులో ఎవరూ లేరు. తప్పు నాదే, ఇద్దరికీ సరే అన్నాను.” అవతల కుర్చీ కిందపడ్డ చప్పుడు, తర్వాత పరుగు.

పావుగంట నిండడానికి ఇంకా ఏడు నిమిషాలుంది. కాళ్ళు కిందికి లాగుతున్నాయి, కదలడానికి లేదు. పెద్దాయన నాడి పట్టుకుంది. తన వేళ్ళే కొట్టుకుంటుంటే ఆయన నాడి ఎక్కడ దొరుకుతుంది! రెండుసార్లు లెక్క తప్పింది.

“ఏంటమ్మా, అంతలా వణికిపోతున్నావు? నాకేమన్నా అయిందా?” పెద్దాయన కళ్ళు పెద్దవయ్యాయి.

“మీకేం కాలేదు తాతా” అని మూడోసారి లెక్కపెట్టింది.

నాలుగో మంచం ఆవిడను మళ్ళీ ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. బతికింది. ఇంకో పదినిమిషాలైతే దక్కేది కాదన్నారు డాక్టరుగారు. ఆ వార్డు రాత్రి డ్యూటీ నర్సు పెద్ద సిస్టర్ ముందు వెక్కి వెక్కి ఏడ్చింది. “ఇంకెవరైనా అయితే వచ్చేదాకా కూర్చునేదాన్నమ్మా. సరే సిస్టర్ కదా, వచ్చేస్తుందిలే అని చెవి తగిలించి పోయాను. ఆవిడ మాటిచ్చి రాకపోవడం నేనెప్పుడూ చూళ్ళేదు.”

ఇద్దరికీ మెమోలిచ్చారు. సరే సిస్టర్‌కు అది వట్టి కాగితంలాగే కనపడింది. నాలుగో మంచం వైపు వెళ్ళడానికి మాత్రం ఐదు రోజులు ధైర్యం చాలలేదు.

ఆరో రోజు వెళ్ళింది. ఆ మంచం ఆవిడ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. “ఆ రోజు బెల్లు నొక్కుతూనే ఉన్నాను సిస్టర్. నొక్కీ నొక్కీ వేలు లాగేసింది. ఎవ్వరూ రాలేదు” అంటూ సరే సిస్టర్ చెయ్యి పట్టుకుంది. “మీలాంటివాళ్ళుంటే వచ్చుండేవాళ్ళు.”

“రావలసింది నేనేనమ్మా” అంది సరే సిస్టర్.

పట్టుకున్న చెయ్యి వదులైంది. ఆవిడ మొహం మాడింది. పద్దెనిమిదేళ్ళుగా ఏ మొహానికి భయపడిందో ఆ మొహమే. సరే సిస్టర్ ఈసారి కళ్ళు దించుకోలేదు.

ఆవిడ బెల్లు స్విచ్చిని దగ్గరికి లాక్కుని అడిగింది. “రేపు కూడా బెల్లు కొడతాను. ఎవరైనా ఉంటారా? మీరుంటారా?”

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“రేపు నేనుండనమ్మా. ఎవరుంటారో డ్యూటీ చార్టు చూసి, ఆ సిస్టర్‌నే మీ దగ్గరికి తీసుకొచ్చి చూపిస్తాను” అని, చార్టు దగ్గరికి నడిచింది.