గోడ మీద పద్నాలుగు

ముప్పై ఆరేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. పద్నాలుగు. ఎవరికీ చెప్పలేదు. మీకు నా పేరు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది సూర్యాపేటలో పాత ఇల్లు. వంటగదికి ఈసారి రంగు నేనే వేసుకుందామనుకున్నాను. పనివాళ్లు మూలలు వదిలేస్తారు, అది నాకు గిట్టదు. గోడలు కొలిచి, ఎన్ని లీటర్ల రంగు కావాలో, ఏ రోజు గీకాలో, ఏ రోజు లప్పం పెట్టాలో కాగితం మీద రాసుకున్నాను. నా తోడికోడలు సుగుణ కోదాడ నుంచి సాయానికి వచ్చింది. రెండో రోజు గిన్నెల బీరువా జరుపుదామంది. ఆ బీరువాను అక్కడ పెట్టించింది నేనే. రంగు వేయించిన ప్రతిసారీ దాని చుట్టూనే వేయించాను. వద్దనడానికి ఈసారి కారణం దొరకలేదు.

వెనక పాత నీలి సున్నం, దాని మీద నా పెన్సిల్ రాత.

అప్పట్లో ఆ గోడ మీద నెలకో వరుస గీసి, ఇంట్లో ఆడవాళ్లు ముట్టయిన తేదీలు పేరులో మొదటి అక్షరం పక్కన రాసేదాన్ని. పూజలు, పచ్చళ్లు ఆ తేదీలు చూసే పెట్టుకునేవాళ్లం. అత్తమ్మకు నా లెక్క మీద అంత గురి.

ఆ వేసవి, పద్నాలుగో తేదీ గురువారం ఆవకాయ పెట్టాం. సుగుణ కొత్త కోడలు. ఇరవై ఏళ్లు. ఆమె చేత్తోనే కలిపింది. మర్నాడు తొందరలో నేను కడిగిన గరిటె తుడవకుండా జాడీలో పెట్టాను. పన్నెండో రోజుకు బూజు పట్టింది. ఎవరు ముట్టుకున్నారని అత్తమ్మ వాకిట్లో అరుస్తోంది. నేను వంటగదిలోకి వెళ్లి, ‘సు’ పక్కనున్న పదిహేడును తడి వేలితో తుడిచి పద్నాలుగు చేశాను. ఎంతసేపు పట్టింది? నిమిషం కూడా కాదు. పచ్చడి ముట్టుకు చెడదని, తడికి చెడుతుందని నాకు అప్పుడే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

తనకు ఆదివారం వచ్చిందని సుగుణ ఏడ్చింది. అత్తమ్మ గోడ చూపించింది. దాచిపెట్టి పచ్చడిలో చెయ్యి పెట్టావంది. కాసేపటికి సుగుణే తల వంచుకుని, తాను మరిచిపోయినట్టుందని ఒప్పుకుంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఇప్పుడు ఆ గోడ చూసి సుగుణ నవ్వింది.

“అక్కా, గిది నీ రిజిస్టర్ కదా! తాసిల్దార్ ఆఫీసుల గూడ గింత పక్కాగ రాయరు.”

వేలితో వెతుకుతూ ఆ నెల దగ్గర ఆగింది.

“సూడు, పద్నాలుగు. గంత సక్కగ రాసి ఉండంగ, ఆదివారమని ఎట్ల ఏడ్సిన్నో. ఆనాటి సంది నా లెక్క నేనే నమ్మనక్కా. పచ్చడిల చెయ్యి పెట్టలే. మిర్యాలగూడకెల్లి బిడ్డ కలిపి పంపాల్సిందే.”

అంకె కింద తుడిచిన మరక ఆమెకు కనిపించలేదు. అద్దాలు సంచిలో ఉన్నాయి. తెచ్చివ్వనా అని అడిగి ఉంటే చాలు. మిగతాది గోడే చెప్పేది.

“గవన్నీ ఇప్పుడెందుకే, లప్పం ఎండిపోతది,” అన్నాను.

“పెండ్లికి పోయినా నీకే తొందర,” అంది సుగుణ.

రేకుతో లప్పం తీసి ఆ వరుస మీద పూసేశాను. అంటే రెండోసారి తుడిచాను. మొదటిసారి భయంతో అనుకుంటే, ఈసారి దేనితో?

ఆమె బాధపడుతుందని చెప్పలేదా, లేక లెక్క తప్పని అక్కగా ఆమె కళ్లలో మిగలాలని చెప్పలేదా? నన్ను నేను ఎన్ని విధాలుగా అడిగినా రెండోదే తేలుతోంది.

రంగు రెండు పూతలు పడింది. మూలలు బాగా వచ్చాయి. సుగుణ కోదాడ బస్సెక్కింది. క్షమించడం మీ చేతిలో లేదు, నేనూ అడగడం లేదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

గుమ్మం నుంచి మూడడుగులు, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తు. అక్కడ, రంగు కింద, నేను రాసింది అబద్ధం. ఆ నెల సుగుణకు పదిహేడునే వచ్చింది. ఆదివారం. ఆమె లెక్క సరిగ్గానే ఉంది.