నా మెడ మీద తీర్పు

బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ మెడ తడుముకుంటే చెవి కింద చింతగింజంత గడ్డ తగిలింది. నొప్పి లేదు. నేను కొండాపూర్ దగ్గర పల్లెలో టీచర్ని. నా భర్త దానియేలు పటాన్‌చెరు వైపు కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో ఫిట్టర్. కొద్ది రోజుల్లోనే గడ్డ పెరిగి, పగిలి, చీము కారింది. ఆ వాసనకు నా చేతి ముద్ద నాకే నోటికి పోయేది కాదు.

సంగారెడ్డి ఆసుపత్రిలో ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు చూసి డాక్టరు గారు, "టీబీ గ్లాండ్స్ అమ్మా. నయమవుతుంది. కోర్సు మాత్రం మధ్యలో ఆపొద్దు," అన్నారు. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, ఐఎన్‌హెచ్ మాత్రలు, పాస్ అనే మందు. పాస్ మింగితే కడుపులో తిప్పేది.

అంతలో మా చర్చి సంఘపెద్ద ఇంటికొచ్చాడు; ఆయన్ను అందరం పెద్దయ్య అంటాం. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గడప బయటే నిలబడ్డాడు.

"దేవుడు ఉత్తగనే కొట్టడు బిడ్డా. ఏదో పాపం దాసినవ్. ఇది తీర్పు. ఉపాసముండు, సంఘం ముంగట ఒప్పుకో. నమ్మకముంటే సూదులు బంద్ చెయ్."

దానియేలు ఫ్యాక్టరీ దగ్గరే ఉండి డ్యూటీ చేస్తూ ఆదివారాలే ఇంటికొచ్చేవాడు. మా అత్త భయపడి మందులన్నీ దాచేసింది. "ఆయన మాట ఇనకపోతే ఇంటిల్లిపాదికి తగుల్తది," అని ఏడ్చింది. లేచి వెతికే ఓపిక నాకు లేదు. ఉపవాసంతో మెడ మీద గడ్డ తగ్గలేదు సరికదా, రెండో వైపు కూడా పగిలింది.

ఆదివారం పెద్దయ్య నన్ను మందిరంలో లేపి నిలబెట్టాడు. పక్కనున్న ఆడవాళ్లు చాప ఖాళీ చేసి జరిగారు. చీము పైట మీదికి జారుతోంది.

"సెప్పు, ఏం పాపం జేసినవ్?"

"మన పాపాలకు ఏసయ్య ఒక్కసారే బలైండు, ఇగ వేరే బలి అక్కర్లేదని మొన్న గుడ్‌ఫ్రైడే నాడు మీరే జెప్పిండ్రు గదా పెద్దయ్యా," అన్నాను. "మరి నన్నెందుకు కోస్తున్నరు? ఆ బలి సాలలేదా?"

"నోర్ముయ్!" అని ఆయన, అందరం వరసగా గుక్కెడు తాగే ప్రభువు బల్ల ద్రాక్షరసం గిన్నెను నన్ను దాటించి పక్కామెకిచ్చాడు.

దానియేలు మగవాళ్ల వరసలోంచి లేచి వచ్చి నా చేయి పట్టుకున్నాడు. "పా, బస్సుకు పోదాం," అన్నాడు.

"ఎవరు ఆపమన్నారు?" అని సంగారెడ్డి ఆసుపత్రిలో డాక్టరు గారు అరిచారు. కోర్సు మళ్లీ మొదటి నుంచి. ఇంజెక్షన్లకు నా ఎడమ చెవికి వినికిడి సగం పోయింది. గ్లాండ్స్ మాత్రం మానాయి.

ఇప్పుడు మళ్లీ బడికి పోతున్నాను. అదే మందిరానికీ పోతున్నాను, అది పెద్దయ్య సొంతం కాదు కనుక. నేను తాగాక ఆయన గిన్నె అంచును రెండుసార్లు తుడుస్తాడు. ఆ చేతిని చూస్తే నాకు ఇప్పటికీ వాంతికొచ్చినట్టు ఉంటుంది.

ఈ జబ్బు వచ్చినవారికి ఒక్క మాట. గడ్డ తగ్గినా డాక్టరు చెప్పేదాకా మందు ఆపకండి. ఎవరైనా ప్రార్థన చేస్తామంటే వద్దనకండి. మందు మింగాకే తల వంచండి.