బంగారు బిట్లు, పదకొండు పరీక్షలు

'ఆ రోజుల్లో' అంటూ మొదలుపెట్టడానికి ఒక వయసు రావాలి. నాకు ముప్పై ఒకటే. అయినా ఇనుముతో పనిచేసేవాడికి పదకొండేళ్లు తక్కువేమీ కాదు, అప్పుడు వేలెడంత పొడవున్న, ఇనుముకు రంధ్రాలు వేసే డ్రిల్ బిట్లు సాన పట్టీ పట్టీ ఈపాటికి గోరంత అయ్యాయి. ఆ ధైర్యంతోనే అంటున్నాను: ఆ రోజుల్లో నేను ప్రతిదానికీ జాబితా రాసేవాడిని. ఊరెళ్తే సంచిలో పెట్టుకోవాల్సినవి, సినిమాకు పిలిస్తే వచ్చే స్నేహితులు, పిలవకపోయినా వచ్చేవాళ్లు, అన్నీ జాబితాలే. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేతికొచ్చిన రోజున 'నాకు తెలిసినవి', 'నాకు తెలియనివి' అని రెండు రాశాను. మొదటిది నాలుగు పేజీలు నిండింది. రెండోది సగం పేజీ దగ్గర ఆగిపోయింది (అది కూడా మర్యాద కోసం రాసిందే). డ్రిల్ బిట్లు కొనడం అనే సంగతి మొదటి జాబితాలో, రెండో పేజీలో, పైనుంచి ఆరో వరుసలో ఉండేది.

మా బాపు డోర్నకల్‌లో రైల్వే పని చేసేవాడు, వారానికొకసారి వరంగల్ ఇంటికి వచ్చేవాడు. నా చదువు అయిపోగానే మా మేనమామ హైదరాబాదులో ఒక ఏసీ ఆఫీసులో నాకోసం ఓ కుర్చీ చూసిపెట్టాడు. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని రోజంతా ఎవరికో క్షమాపణ చెప్పే ఉద్యోగం. నాకేమో చేతికి గ్రీజు అంటుకోవాలని ఉండేది. నా గోల భరించలేక బాపు నన్ను తన పాత దోస్తు దగ్గర చేర్చాడు. ఊరి శివార్లలో ఆయనకు గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేసే ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉండేది. అందరికీ ఆయన చాచానే. చేర్చేటప్పుడు బాపు నా ముందే షరతు పెట్టాడు: "మూడు నెల్లు జూస్త. 'వీడు పనోడు' అన్న మాట చాచా నోట్ల నుంచి రావాలె. అస్తె ఈడనే ఉండు. రాకపోతె సప్పుడు జెయ్యకుండ మామ దగ్గరికి బండెక్కు."

షరతు తేలిగ్గానే ఉందనుకున్నాను. వారం తిరక్కముందే అసలు సంగతి తెలిసింది. చాచా ఎవరినీ మెచ్చుకోడు. షెడ్డులో వెల్డింగ్ చేసే, ధర్మసాగర్ నుంచి రోజూ బండి మీద వచ్చే భద్రన్న నన్ను పక్కకు పిలిచి చెప్పాడు: "పద్దెనిమిదేండ్లల నన్ను ఒక్కపారే మెచ్చుకున్నడు తమ్మీ. అది గూడ నేను సెలవుల ఉన్ననాడు, వేరేటోళ్లతోని."

మూడో నెల చివరి వారం వచ్చింది. మిర్చి దాచే ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్లకు అరవై స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీలు చేసివ్వాలి. ఒక్కో పట్టీకి నాలుగేసి రంధ్రాలు, మొత్తం రెండు వందల నలభై. శనివారం సాయంత్రానికి పట్టీలు బిగించాలి, ఎందుకంటే ఆ తర్వాత మిర్చి బస్తాల లారీలు దిగుతాయి. గురువారం పొద్దున చాచా స్టేషన్ ఘన్‌పూర్‌లో గేటు బిగించడానికి పోతూ పోతూ, స్కూటర్ మీది నుంచే నాతో అన్నాడు: "ఇంజనీర్ సాబ్, బిట్లన్ని అరిగినయ్. జర మంచియి జూసి పట్కరా. ఎనిమిది ఎమ్మెమ్. రేపు నేనచ్చే వరకు పని షురూ గావాలె."

మూడు నెలల్లో ఆయన నాకు అప్పగించిన మొదటి స్వతంత్ర బాధ్యత అది. స్కూటర్ మలుపు తిరగకముందే నోటుబుక్కు తీశాను. 'ఉత్తమ డ్రిల్ బిట్టు: ఎంపిక ప్రమాణాలు' అని శీర్షిక పెట్టి కింద గీత కొట్టాను (స్కేలుతో). పదకొండు అంశాలు వచ్చాయి. బిట్టు వంకర లేకుండా ఉండాలి, గాజు మీద దొర్లిస్తే ఊగకూడదు. మొనకు రెండు వైపులా అంచులు సమానంగా ఉండాలి. వ్యాసం వెర్నియర్‌తో కొలిచి చూడాలి. కాడ మీద కంపెనీ అచ్చు స్పష్టంగా ఉండాలి. ఏడో అంశం: ఉపరితలం మచ్చ లేకుండా, నిగనిగలాడుతూ ఉండాలి. ఇలా పదకొండు. ఇప్పుడు చూసినా అందులో తప్పు దొరకదు, ఆ ఏడోది తప్ప.

హార్డ్‌వేర్ దుకాణంలో సేటు ముందుగా ఒక నూనె కాగితం పొట్లం విప్పి నాలుగు బిట్లు గాజు బల్ల మీద పెట్టాడు. ఎండిన గడ్డి రంగులో, అక్కడక్కడా మచ్చలతో, ఎవరో వాడి పారేసినట్టు ఉన్నాయి. ఏడో అంశం కింద వాటిని తోసిపుచ్చాను. అప్పుడాయన ఆరు బిట్లున్న ఒక బాక్సు తీశాడు. మూత మీద సింహం బొమ్మ. తెరిస్తే లోపల ధగధగ మెరిసే బంగారు రంగు బిట్లు! ఒక్కొక్కటీ తీసి బల్ల మీద దొర్లించాను. కళ్లు బల్ల ఎత్తుకు దించి చూశాను. భూతద్దం పెట్టి మొనలు చూశాను. నా వెనక నిలబడ్డవాళ్లు మేకులు కొనుక్కుని, బోల్టులు కొనుక్కుని, వెళ్లిపోతున్నారు. చివరికి సేటు ఉండబట్టలేక అడిగాడు: "తమ్మీ, నువ్వు బిట్టు కొననీకి అచ్చినవా, పిల్లను జూడనీకి అచ్చినవా?"

"నాణ్యత పరీక్ష చేస్తున్న" అన్నాను.

"చెయ్యి, చెయ్యి. గని ఏ పనికో చెప్పు. చెక్కకా, రేకుకా?"

అక్కడ చెప్పి ఉంటే ఈ జ్ఞాపకమే ఉండేది కాదు. కానీ పరీక్ష పెడుతున్నది నేను, ప్రశ్నలు నావి, ఆయన నన్ను అడగడమేమిటి? "అన్ని పనులకు" అని గంభీరంగా చెప్పి, పదకొండుకు పదకొండు టిక్కులు పెట్టుకుని, బాక్సు పట్టుకుని బయటపడ్డాను.

మధ్యాహ్నం డ్రిల్లింగ్ మిషన్ మీద పని మొదలైంది. మొదటి రంధ్రం పడింది. కాస్త ఆలస్యంగా పడింది, కాస్త పొగ వచ్చింది, అయినా పడింది. రెండోదానికి బిట్టు కీచుమని అరిచింది. నాలుగోదానికి మొన దగ్గర బంగారం పోయి నీలం రంగు తేలింది. భద్రన్న వెల్డింగ్ అద్దం పైకెత్తి తొంగి చూశాడు.

"ఏంది తమ్మీ, వన్ గ్రామ్ గోల్డా? ఒక్క పెండ్లికే రంగు వాయె!"

నేను పట్టించుకోకుండా రెండో బిట్టు బిగించాను. అది తిరుగుతోంది తప్ప దిగడం లేదు. బలమంతా పెట్టి నొక్కాను. స్టీలు మీద అద్దంలాంటి చిన్న గుంట పడింది, అంతే. (స్టెయిన్‌లెస్ స్టీలును మొద్దు బిట్టుతో రుద్దితే ఆ చోట ఇంకా గట్టిపడుతుందని నాకు తెలుసు. మొదటి జాబితా, మూడో పేజీ. తెలిసినది సమయానికి గుర్తురావాలని మాత్రం ఎక్కడా రాసుకోలేదు.) సాయంత్రం నాలుగు గంటలకల్లా ఆరు బిట్లూ అయిపోయాయి. పడిన రంధ్రాలు తొమ్మిది. గట్టిపడిన గుంటలు పద్నాలుగు. మిగిలిన సమయంలో 'వైఫల్యానికి కారణాలు' అని ఒక జాబితా రాశాను: వోల్టేజి హెచ్చుతగ్గులు, మిషన్ పాతబడటం, స్టీలు నాణ్యత, గాలిలో తేమ. భద్రన్న నా భుజం మీదుగా చదివి, నింపాదిగా అన్నాడు: "మంచిగున్నది. గని గిండ్ల నీ పేరు ఏడున్నది తమ్మీ?"

ఆ రోజు ఇంటికి పోయి బట్టలు సర్దుకోవడానికి జాబితా రాశాను. మొదటి అంశం: హైదరాబాదుకు తీసుకెళ్లే చొక్కాలు.

శుక్రవారం పొద్దున చాచా వచ్చాడు. పట్టీలు చూశాడు, గుంటలను వేలితో తడిమాడు, సింహం బాక్సు తెరిచి చూశాడు. తిడతాడని ఎదురుచూశాను, తిట్టలేదు. చచ్చిన బిట్టొకటి తీసి, సాన పట్టే గ్రైండర్ వేసి, కాడను దాని చక్రానికి మెల్లగా తాకించాడు. తెల్లటి నిప్పురవ్వలు పూలుపూలుగా విచ్చుకుంటూ ఎగిశాయి. షెడ్డులో దీపావళి వచ్చినట్టయింది. తర్వాత తన పాత బిస్కెట్ డబ్బాలోంచి, సాన పట్టీ పట్టీ బొటనవేలంత మిగిలిన బిట్టొకటి తీసి తాకించాడు. నల్లబారిన ఎర్రటి రవ్వలు, అవీ నాలుగైదే, రాలీ రాలనట్టు రాలాయి.

"ఏది మంచిది?" అన్నాడు.

"రవ్వలు తక్కువ రాల్చేది, చాచా. గట్టి స్టీలు. ఎక్కువ రవ్వలు పూసేది మామూలు ఇనుము, వేడికి ఆగదు."

"అరే! ఎరుకేనా నీకు?"

"ఎరుకే. పరీక్షల అచ్చింది. బొమ్మ గూడ గీసిన, రంగు పెన్సిళ్లతోని."

"ఎన్ని మార్కులచ్చినయ్?"

"పది."

"ఎన్నిటికి?"

"పదికి పది."

చాచా గ్రైండర్ ఆపి, చేతులు తుడుచుకుని నా ముఖంలోకి చూశాడు. "మరి దుకాణానికి పోయెటప్పుడు గా మార్కులు ఇంట్ల వెట్టి పోయినవా బేటా? బాక్సు కొనొద్దు. ఒక్కటి దేవాలె. గ్రైండర్‌ను అడగాలె. మంచిదంటె మిగిలినయ్ దేవాలె. బండెక్కు."

సేటు నన్ను చూడగానే గాజు బల్ల మీది సామానంతా జాగ్రత్తగా పక్కకు జరిపాడు. చాచా బిట్ల సంగతే ఎత్తలేదు. దుకాణం గోడకు బిగించిన స్టీలు ర్యాకు వైపు వేలు చూపించి, "సేట్, గా ర్యాకుకు పొక్కలు ఏ బిట్టుతోని పెట్టిన్రు?" అన్నాడు. సేటు నవ్వి, నూనె కాగితం పొట్లం తీసి విప్పాడు. అవే గడ్డి రంగు బిట్లు. "కోబాల్ట్ కలిపినయి భాయ్, స్టీలుకు గివే. నిన్న గీ తమ్మికి ముందుగాల గివే జూపెట్టిన. మచ్చలున్నయని సంబంధం ఒద్దన్నడు."

ఒక్కటి తెచ్చాం. గ్రైండర్‌ను అడిగాం. అది పిసినారిలా రెండు ఎర్ర రవ్వలు విదిల్చి ఊరుకుంది. నేను సైకిలు మీద వెళ్లి మిగిలిన మూడూ తెచ్చాను. (సేటు "ఎప్పుడు లగ్గం?" అని అడిగాడు.) అయితే బిట్టు మిషన్‌కు బిగించి చాచా మొదలుపెట్టగానే అది కూడా కీచుమంది. చాచా ముఖం ముడుచుకుంది. అప్పుడు నా నోటుబుక్కు నా జేబులో కదిలింది. చెప్పాలా వద్దా అని ఆలోచించాను. నిన్నటి పద్నాలుగు గుంటలు నన్నే చూస్తున్నాయి.

"చాచా, స్పీడు ఎక్కువైంది. స్టెయిన్‌లెస్‌కు, ఎనిమిది ఎమ్మెమ్ బిట్టుకు, నిమిషానికి ఐదు వందల చుట్లు దాటొద్దు. బెల్టు కింది మెట్టుకు దించాలె."

"గా బెల్టు మిషన్ కొన్నప్పటి సంది జరుపలే" అన్నాడు భద్రన్న. "మూత బోల్టు తుప్పు వట్టింది."

చాచా ఒక క్షణం నన్ను చూసి, సుత్తి నా చేతికిచ్చాడు. అరగంట కొడితే బోల్టు కదిలింది. బెల్టు కిందికి దించి, చుక్క చుక్క నూనె వేస్తూ మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి కీచు లేదు. బిట్టు రెండు వైపుల నుంచీ సమానంగా, మెరుస్తూ, మురుకుల్లా మెలికలు తిరిగిన తురుము పైకి వచ్చింది. నా గుంటలు మాత్రం ఆ బిట్టుకూ లొంగలేదు. చాచా పట్టీని తిరగేసి, అవతలి వైపు నుంచి రంధ్రం మొదలుపెట్టి గుంట అడుగుకు చేరాడు. "ముందర తలుపు నువ్వు మూసినవ్. మనం ఎనుక నుంచి పోయి తీస్తున్నం" అన్నాడు. ఆ ఉపాయం నా రెండు జాబితాల్లోనూ లేదు. మధ్యాహ్నం ఆయన నమాజుకు పోయినప్పుడు కూడా మిషన్ ఆపలేదు. నన్నొక్కడినే దాని దగ్గర వదిలి వెళ్లాడు.

శనివారం మధ్యాహ్నానికి రెండు వందల నలభై పూర్తయ్యాయి. పట్టీలు బండికెక్కిస్తుండగా బాపు వచ్చాడు, స్టేషన్ నుంచి నేరుగా, చేతిలో సంచితోనే. చాచా చాయ్ తెప్పించాడు. నేను పట్టీలు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ దగ్గరలోనే ఉన్నాను.

"ఏమంటవ్ భాయ్?" అన్నాడు బాపు. "మూడు నెల్లాయె. పోరడు పనోడేనా?"

చాచా చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ చాలాసేపు తాగాడు. "రేపు ఇంటికాడ వీనికేం పనున్నది?"

"ఏం లేదు."

"అయితె పొద్దుగాలనే తోలియ్యి. కొత్త బిట్లల్ల రెండిటి మొనలు మొద్దువారినయ్. వీడే సాన వట్టాలె."

అంతే. అవతలి మూల నుంచి భద్రన్న అద్దం పైకెత్తి అరిచాడు: "తమ్మీ! ఆయన బిట్లు నన్ను ఇయ్యాల్టి దాక ముట్టనియ్యలే!"

ఇంటికి నడుస్తున్నంతసేపూ బాపు ఆలోచిస్తూనే ఉన్నాడు. గడప దగ్గర ఆగి, "ఇంతకు పనోడన్నట్టా, అననట్టా?" అని నన్నే అడిగాడు. (ప్రతిదానికీ టిక్కు పడాలనే పిచ్చి నాకెక్కడి నుంచి వచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.) నేను లోపలికి పోయి, సర్దిన చొక్కాలు తీసి మళ్లీ బీరువాలో పెట్టాను.

ఇప్పుడు షెడ్డు నేనే చూసుకుంటున్నాను. బెల్టు మూత బోల్టుకు నెలకోసారి నూనె వేస్తాను. చాచా పదింటికి వచ్చి, తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం దాకా అందరినీ చూస్తాడు, ఎవరినీ మెచ్చుకోడు. నా ప్రమాణాల జాబితాకు పన్నెండో అంశం చేరింది: 'ఒక్కటి తెచ్చి గ్రైండర్‌ను అడుగు.' అంతా తెలిసినవాడినైపోయానని నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే మొన్న ఫోన్‌లో బిట్లు ఆర్డరు చేశాను. నాలుగు రకాలను పక్కపక్కన పట్టిక వేసి పోల్చాను, కొన్నవాళ్ల అభిప్రాయాలన్నీ ఓపికగా చదివాను, రేటింగ్ చుక్కలు ఎక్కువున్నది ఎంచుకున్నాను. పార్శిలు విప్పితే లోపల బంగారం ధగధగలాడింది.

చాచా చూడకముందే ఒకటి తీసుకుని గ్రైండర్ దగ్గరికి నడిచాను, అడుగుల చప్పుడు కూడా కాకుండా. తాకించాను. షెడ్డంతా తెల్లగా దీపావళి.

వెనక కుర్చీ కిర్రుమంది.

"ఎన్ని మార్కులు బేటా?"

"పదికి పది, చాచా" అన్నాను, వెనక్కి తిరక్కుండానే.