మధ్యలో ఆగితే మొదటికి

పార్థసారథికి కరెంటు మీద ఉన్నంత కోపం పగవాడి మీద కూడా ఉండేది కాదు. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో పని. ఎనభై ఎనిమిదిలో అక్కడి యూనిక్స్ కంప్యూటరు యంత్రం అతని చేతికి వచ్చింది. స్టాకు లెక్కలను పట్టీలుగా చూపించే ప్రోగ్రాం ఒకటి హైదరాబాదు స్నేహితుడు టేపులో పంపాడు. తీరా చూస్తే వచ్చింది వండిన అన్నం కాదు, బియ్యం. విడివిడిగా రాసి ఉన్న ఫైళ్లను ఒక్కొక్కటిగా యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి, చివర్లో అన్నీ కలపాలి. 'మేక్' అని కొడితే ఆ పని మొదలవుతుంది. ముసలి యంత్రం కదా, పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా మూలిగేది. నంద్యాలలో అంతసేపు కరెంటు ఉంటుందని నమ్మినవాడెవడు?

మేనేజరు వరదరాజులు కచ్చితంగా చెప్పేశాడు. శనివారానికి ప్రోగ్రాం నడవకపోతే యంత్రం కర్నూలు ఆఫీసుకు పోతుంది, పార్థసారథి ఆళ్లగడ్డ గోదాముకు పోయి బస్తాలు తూకం వేయించుకుంటూ కూర్చోవాలి. గోదాము మాట వింటేనే అతనికి ఒళ్లు మండేది. ఇష్టపడి చేసిన పని జన్మలో ఈ యంత్రం పని ఒక్కటే.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అతను అప్పటిదాకా తయారైన ఫైళ్లన్నీ తుడిచేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. అహోబిలంలో నాయన రామానుజం తనకు గుడిలో పాడే పాశురాలు నేర్పిన పద్ధతి అది. దగ్గు వచ్చి ఆగినా సరే, మొదటి నుంచి చెప్పాల్సిందే. తెగినదాన్ని అతికించడం అపచారం. యంత్రానికి వేరే న్యాయం ఉంటుందని పార్థసారథికి తోచనే లేదు.

శనివారం పని దాదాపు చివరికొచ్చాక కరెంటు పోయింది. వరదరాజులు కర్నూలుకు ఫోను చేశాడు.

సోమవారం యంత్రాన్ని తీసుకుపోయే మనుషులు వచ్చి టీ తాగుతున్నారు. తుడిచే ఓపిక కూడా లేక, పార్థసారథి విసుగ్గా ఊరికే 'మేక్' కొట్టాడు. యంత్రం అయిపోయిన ఫైళ్ల జోలికే పోలేదు. మిగిలిన కాసిన్నీ అందుకుని, వాళ్ల టీ అయ్యేలోపు అన్నీ కలిపేసింది. తెర మీద పట్టీ వచ్చింది. సంతోషం మాట అటుంచి, తన చెంప తానే వాయించుకోవాలనిపించింది అతనికి.

పిలవగానే వరదరాజులు వచ్చి చూశాడు. "బాగనే ఉందప్పా. శనివారం యాడికి పోయింటివి?" అన్నాడు. మనుషులు తీగలు ఊడదీశారు.

సాయంత్రం అహోబిలంలో ఇంటికి పోతే, గోదాము సంగతి విని రామానుజం ముఖం వెలిగిపోయింది. ఆళ్లగడ్డ పక్కనే కదా, ఇక రోజూ గుడిలో అందరితో కలిసి పాశురాలు చెప్పొచ్చని మురిసిపోయాడు.

"పెరుమాళ్లే నిన్ను ఈడికి పిలిపించుకున్నాడప్పా."

పార్థసారథి బుద్ధెరిగాక మొదటిసారి ఎదురు చెప్పాడు.

"పెరుమాళ్లు కాదు నాయనా. నువ్వు."

ఆ మాట అనేసి, కాళ్లు కూడా కడుక్కోకుండా లోపలికి పోయి పడుకున్నాడు.