చూసినంతనే రద్దు

నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు నాన్న నేర్పారు, ఎక్కాలు అమ్మ నేర్పింది. వెబ్ పేజీలు చెయ్యడం ఇంట్లోనే కూర్చుని నేర్చుకున్నాను. ఇంత ఇచ్చిన స్వామికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఈ వేసవిలో మాత్రం దీపం వెలిగిస్తూ కూడా పళ్ళు కొరుక్కున్నాను.

ఆగిరిపల్లిలోని మా మామిడి తోటకి ఏటా ముసునూరు నుంచి ఆడవాళ్ళ కోత ముఠా వస్తుంది. దాని మేస్త్రిని నేను అక్కా అంటాను. ఈ ఏడు రైతుల సంఘం ముఠాల బుకింగులన్నీ ఒక వెబ్‌సైట్లో పెట్టింది. మా బంగినపల్లి కోత ఖాయమైందని అక్కకి మెసేజ్ వచ్చింది. అడుగున, రద్దు చేసుకోవడానికి ఒక లింకు. తొలి కాయ దేవుడికి పెట్టాకే కోత మొదలుపెట్టడం ఆ ముఠా ఆనవాయితీ. అందుకని అక్క ఆ మెసేజంతా కాపీ చేసి, కింద 'తలస్నానాలు చేసి రండి' అని కలిపి, ముఠా గ్రూపులో పెట్టింది.

కోత రోజు పొద్దున్నే వాళ్ళు కాయలు కోసే చిక్కాలు పట్టుకుని వచ్చేసరికి, సంఘం పంపిన వేరే ముఠా చెట్ల కింద ఉంది. అక్క సంఘానికి ఫోన్ చేస్తే, "మీరే రద్దు చేసుకుని మళ్ళీ ఈ గోలేంటండీ? ఇలాంటి ముఠాని జాబితాలోంచి తీసేస్తున్నాం" అన్నారు.

"స్వామి మీద ఒట్టండీ, నేను నొక్కలేదు" అంది అక్క.

జాబితాలో పేరు లేకపోతే ఈ సీజనంతా వాళ్ళని ఏ తోటకీ పిలవరు.

ఆ లింకు చూశాక నాకు ఒళ్ళు మండింది. వెబ్‌లో గెట్ అనే పద్ధతి పేజీ చూపించమని అడగడానికే. ఏదైనా మార్చాలంటే పోస్ట్, తీసెయ్యాలంటే డిలీట్ ఉన్నాయి. వీళ్ళు రద్దుని కూడా గెట్‌తోనే పెట్టారు, ఎవరు తెరిచినా పనిచేసేలా. గ్రూపులో లింకు పెడితే, దాని కింద బొమ్మ చూపించడానికి ఫోనే వెళ్ళి ఆ పేజీని తెరుస్తుంది. అంతే, బుకింగు పోయింది. ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు.

సైటు చేసినాయనకి ఫోన్ చేశాను.

"ఫారం నుంచి డిలీట్ పోదు కదా మేడమ్. గెట్, పోస్ట్ రెండే పోతాయి. అందుకే లింకిచ్చాం."

"పోస్ట్ ఫారంలోనే కనపడని గడి పెట్టి, అందులో డిలీట్ అని పంపొచ్చుగా? మీ సర్వరు దాన్ని డిలీట్ కింద తీసుకునేలా రాసుకోవచ్చుగా?"

"అది తెలుసండీ."

"తెలుసా! మరి?"

"మళ్ళీ దానికో పేజీ, బటనూ... ఎందుకండీ అంత? వాడేది కూలోళ్ళేగా."

తెలియక చేసుంటే చెప్పి ఊరుకునేదాన్ని. ఆ రోజు నేను అన్న మాటలు పూజగదిలో తల్చుకోలేను.

సాయంత్రానికి సైటు మార్చాడు. సంఘం ముఠా పేరుని జాబితాలో మళ్ళీ చేర్చింది, తప్పు తమదని ఒక్క ముక్క అనకుండా. ఆ సంగతి చెప్తే అక్క కళ్ళు తుడుచుకుంది.

"పోన్లెండి అమ్మాయిగారూ. నా వేలే తగిలిందేమో అనుకుని మావోళ్ళందరికీ సారీ కూడా చెప్పేశానండీ."

అక్కడే నిలబడి మళ్ళీ సంఘానికి ఫోన్ కలిపాను. ఆ సారీ మీరు చెప్పాల్సింది, ముఠా అందరి ముందూ చెప్పండి అన్నాను. "చూద్దాంలెండి" అన్నారు. ఇంతవరకూ చెప్పలేదు. రసాల కోతకి నేను వాళ్ళ సైటు తెరవలేదు. అక్కకి నేనే కబురు చేశాను.