కింది అంతస్తు పెద్దమ్మ

పై అంతస్తులో నవ్వులు వినిపిస్తే కింద పెద్దమ్మకి మాట తడబడుతుంది. చెబుతున్నది ఆపి, ఒకసారి పైకప్పు వైపు చూసి, "ఎక్కడున్నాం?" అని వచ్చినవాళ్ళనే అడుగుతుంది.

సముద్రానికి ఎదురుగా ఉన్న పాత రేవు బంగళాలో మా ఇంటివాళ్ళం ముగ్గురం పనిచేస్తాం. పెద్దమ్మ మా పెదనాన్న భార్య, పిన్ని మా బాబాయి భార్య. వాళ్ళిద్దరూ గైడులు. నేను మెట్ల దగ్గర పీట మీద కూర్చుని, పైకి వెళ్ళేవాళ్ళకి చెప్పుల మీద వేసుకునే గుడ్డ తొడుగులు ఇస్తాను. పైన నేలంతా చెక్క పలకలు. ఇసుక చెప్పులతో తొక్కితే గీతలు పడతాయి. తొమ్మిదో తరగతి మధ్యలో ఆపేసినదానికి ఇంతకంటే పని ఎవరిస్తారని ఇంట్లో అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఆ బంగళా ఒకప్పుడు రేవు అధికారి ఇల్లు. తర్వాత ఎవరెవరో అద్దెకున్నారు, తర్వాత గోదాము అయింది, చివరికి పావురాలకి మిగిలింది. దాన్ని బాగుచేయడానికి మనుషులు వచ్చినప్పుడు పెద్దమ్మ అందులో ఊడ్చే పనికి చేరింది. సున్నం ఎలా నానబెడతారో, పుచ్చిన దూలానికి ఇనప పట్టీ ఎలా వేస్తారో పక్కన నిలబడి చూసింది. ఒకరోజు పెద్దవాళ్ళెవరో వస్తే చూపించేవాళ్ళు లేక ఆవిడనే పంపారు. అప్పటినుంచి పదహారేళ్ళు కిందా పైనా ఆవిడే చూపించింది. ఒక గోడ మీద మరమ్మతు చేసినవాళ్ళు అరచెయ్యంత మేర సున్నం వేయకుండా వదిలేశారు. అక్కడ పాత రంగులు ఒకదాని కింద ఒకటి ఏడు కనిపిస్తాయి. అంత చిన్న ముక్క ముందు ముప్పై మందిని పావుగంట నిలబెట్టగలదు మా పెద్దమ్మ.

నాలుగేళ్ళ కిందట మోకాళ్ళు పట్టేశాయి. డాక్టరు మెట్లు వద్దన్నాడు. అప్పుడు తనే మేనేజరు గారితో చెప్పి పిన్నిని పైకి పెట్టించింది. "మన పిల్లే కదా, నేను చెప్పినట్టు వింటుంది" అనుకుంది. మొదటి ఏడాది మెట్ల దగ్గర నిలబడి, "ఇక పైన మా చెల్లెలు చూపిస్తుందండీ" అనేది. రెండో ఏడాది "పైన ఇంకొకావిడ ఉంది" అనేది. ఆ తర్వాత పైకి ఊరికే చెయ్యి చూపించేది.

చూపించడానికి మొత్తం గంట. అందులో నలభై అయిదు నిమిషాలు కిందే అయిపోయేవి. పిన్ని మెట్ల మలుపు దాకా దిగొచ్చి దగ్గేది.

"అక్కా, వాళ్ళని పైకి పంపిస్తావా, నన్నే కిందికి రమ్మంటావా?"

"రావమ్మా, రా. దిగడానికి నీ మోకాళ్ళకేం, బంగారంలా ఉన్నాయి."

ఇంత చేసినా, మిగిలిన పావుగంటలోనే పైన నవ్వులు పుట్టేవి. దిగేటప్పుడు జనం పిన్నితో ఫోటోలు దిగేవాళ్ళు. పెద్దమ్మ పక్కనే ఉంటే ఆవిడ చేతికి కెమెరా ఇచ్చి తీయమనేవాళ్ళు.

"ఏం చెబుతోందే అది పైన?" అని ఒకరోజు నన్ను అడిగింది. విడిచేసిన తొడుగులు ఏరడానికి నేను పైకి వెళ్తుంటాను, అన్నీ వింటాను. చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఆ ఫోటోలంటే నాకూ లోపల కాస్త మంటగానే ఉండేది. చెప్పేశాను.

పైన సముద్రం వైపు గదిలో ఒక కిటికీ ఉంది. దాని చెక్క మీద మోచేతులు ఆన్చి ఆన్చి రెండు గుంటలు పడ్డాయి. రేవు అధికారి భార్య మొగుడి ఓడ కోసం ఎదురుచూసి చూసి అరగదీసిందని పెద్దమ్మ చెప్పేది, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. పిన్ని దాన్ని మార్చేసింది. "మొగుడి కోసం ఎవరండీ అంతసేపు నిలబడతారు? ఓడలోంచి ఎవరింటికి ఏ పెట్టె దిగుతోందో చూసేది. పక్కింటికి అద్దం బీరువా దిగిన రోజు ఈ కుడి గుంట పడింది."

పెద్దమ్మ మొహం మాడిపోయింది. "పోయినావిడ మీద అంత మాటా!" అంది. మర్నాడు పొద్దున్నే కింద అదే కథ తను చెప్పేసింది. పిన్ని కంటే బాగా చెప్పింది. బీరువాతో పాటు పక్కింటావిడ నడక కూడా నడిచి చూపించింది. జనం పడీ పడీ నవ్వారు. తర్వాత పైన ఎంతసేపటికీ చప్పుడు లేదు. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ మారు అన్నం వడ్డించుకుంది.

"ఇవాళ వాళ్ళకేమైందో అక్కా, గోడలకి చెప్పినట్టుంది" అంది పిన్ని.

"మనకి జీతం ఇచ్చేది గోడల గురించేగా."

రెండు వారాలు ఇలాగే సాగింది. పిన్ని కొత్తది ఏదైనా పుట్టిస్తే నేను వినిపించడం, మర్నాటికి అది కిందికి దిగిపోవడం. పిన్ని రోజురోజుకీ డీలా పడిపోయింది. నాతో కూడా సరిగ్గా మాట్లాడేది కాదు.

పైన ఒక్కో గదిలో పదిహేను మందికి మించకూడదని నియమం. పిన్ని వచ్చినవాళ్ళని గదులవారీగా పంచి, కిటికీ దగ్గరికి కొద్దికొద్దిగా తీసుకెళ్ళేది. ఆ ఆదివారం ఒక బస్సు నిండా జనం వచ్చారు. పెద్దమ్మ మంచి ఊపు మీద ఉంది. కిటికీ కథ చెప్పి, చివర్లో, "ముందు వెళ్ళినవాళ్ళకే మోచేతులు పెట్టే చోటు" అంది. అందరూ తొడుగులు తగిలించుకుని పరిగెత్తారు. మలుపు దగ్గర పిన్ని చేతులు అడ్డం పెట్టినా ఆగలేదు.

కాసేపటికి పైన ఏదో మూలిగినట్టు వినిపించింది. పెద్దమ్మ జుట్టు మీద సున్నం రాలింది. పట్టీ వేసిన దూలం ఏ గది కిందుందో ఆవిడకి తెలుసు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని మెట్లెక్కేసింది. నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

"ఎవరూ ఉరకొద్దు. గోడ వారగా, ఒక్కొక్కరే బయటికి రండి. బాబూ, ఆ పిల్లని ఎత్తుకో."

వచ్చేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. కింద గదిలో మాత్రం చాపంత మేర పైకప్పు పెచ్చు ఊడి పడింది.

మర్నాడు మేనేజరు గారు మమ్మల్ని ముగ్గురినీ గదిలోకి పిలిచారు. పైన జనం లెక్క చూసుకోవాల్సింది పిన్నే కాబట్టి ఆమెనే అడిగారు.

"పరిగెత్తుకొచ్చారండీ. ఆపలేకపోయాను."

"పాత ఇల్లు చూడటానికి ఎవరైనా పరిగెత్తుతారా అమ్మా?"

మేనేజరు గారు రిజిస్టరు మూసి పక్కన పెట్టారు.

"అయితే పై అంతస్తు మూసేద్దాం. కిందొక్కటే చూపిస్తే చాలు. మీరు ఈ నెలాఖరు దాకా రండి."

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆవిడ ఏమీ చేయక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు, బంగళా మొత్తం మళ్ళీ ఆవిడదే.

"పరిగెత్తించింది నేనండీ" అంది పెద్దమ్మ.

"మీరు కిందున్నారు కదా?"

"కిందనుంచే పరిగెత్తించాను. దాని కథలన్నీ రెండు వారాలుగా నేనే ముందు చెప్పేస్తున్నాను."

పిన్ని మెల్లగా ఇటు తిరిగింది. "అందుకా, జనం నవ్వడం మానేశారు?"

"మానలేదు. కింద నవ్వారు."

కథలు మోసింది నేనని ఆవిడ చెప్పలేదు. నేనూ నోరు విప్పలేదు.

దూలానికి ఇంకో పట్టీ వేసి, జనాన్ని రెండు జట్లుగా పంపేట్టు, పిన్ని పైనే ఉండేట్టు ఖాయమైంది. పెద్దమ్మని మాత్రం నెల రోజులు చెప్పడం ఆపి తొడుగులు ఇవ్వమన్నారు. మరి కింద ఎవరు? "ఈ అమ్మాయి రోజూ వింటూనే ఉందిగా" అన్నారు మేనేజరు గారు.

మొదటిరోజు నా గొంతు ముందు వరసకే వినబడలేదు. "కాస్త గట్టిగా, తల్లీ. నీ గొంతు నీ దగ్గరే దాచుకుంటావా?" అని పెద్దమ్మ వెనకనుంచి అంటూనే ఉంది. మూడోరోజు అలా అనలేదు. అయిదో రోజు ఏడు రంగుల ముక్క దగ్గర, ఎలా వచ్చిందో, నా నోట ఒక మాట వచ్చింది. "ఏం లేదండీ, కొత్తగా దిగిన ప్రతి ఆవిడకీ ముందున్నావిడ రంగు నచ్చలేదు." ఒక ముసలాయన గట్టిగా నవ్వాడు. పక్కవాళ్ళకి చెప్పాడు. పైకి వెళ్ళి పిన్నికి కూడా చెప్పి, "కింద ఆ అమ్మాయి ఎవరండీ, భలే చెప్పింది" అన్నాడట.

మేనేజరు గారి గదిలోంచి వచ్చిన రోజే, నెల రోజులైనా పెద్దమ్మతో మాట్లాడకూడదని పిన్ని ఒట్టు పెట్టుకుంది. ఆ సాయంత్రం బంగళాకి తాళం వేసి ముగ్గురం ఇంటికి బయల్దేరాం. నేను తాళాలు మేనేజరు గారికి ఇచ్చి వచ్చేసరికి వాళ్ళిద్దరూ ముందు వెళ్ళిపోతున్నారు, భుజాలు రాసుకుంటూ, తలలు దగ్గరపెట్టి ఏదో చెప్పుకుంటూ. "భలే చెప్పిందట" అన్నది మాత్రం నా చెవిన పడింది. నా అడుగుల చప్పుడు విని మాట ఆపేశారు. ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి, నన్ను కిందనుంచి పైదాకా చూశారు.